అక్క గోడ మీద ఎర్ర నంబరు

మా వీధి మలుపులో చిన్న ఖాళీ జాగా ఒకటి ఉంది. దాని పక్కనుంచి రోడ్డు పోతుంది, జట్కాలు పోతాయి. ఆ జాగాలో మాత్రం చెత్త తప్ప ఏమీ లేదు. ఈమధ్య ఒక పెద్దమనిషి, ఇది మొదటినుంచీ ఖాళీయే కదా అన్నాడు. కాదు. అక్కడ మా అక్క ఇల్లు ఉండేది, ఆ ఇంట్లో మగ్గం ఉండేది. దాన్ని ఎందుకు పడగొడుతున్నారో అప్పుడు ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు మునిసిపాలిటీ ఆఫీసుకు వెళ్ళి నిలదీస్తే, అప్పుడు ఎవరూ అడగలేదే అంటున్నారు. నేను అడిగాను. అడిగిన సంగతి వాళ్ళ ఆఫీసులో ఎక్కడా లేదు కనుక, ఇక్కడైనా ఉండాలని రాస్తున్నాను.

నేను నాలుగో తరగతితో బడి మానినవాణ్ణి. చిక్కపేటలో ఒక చీరల అంగడిలో మడతలు పెట్టడం నా పని. అంగడి కట్టేయగానే నేరుగా గ్రంథాలయానికి వెళ్ళేవాణ్ణి. అక్కడి తెలుగు పుస్తకాలు అయిపోయాక ఊరి భాషైన కన్నడం పట్టాను. తర్వాత నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషు. చరిత్ర, నక్షత్రాలు, చట్టాలు, గులాబీల పెంపకం, ఏది దొరికితే అది చదివాను. మా ఇంట్లో ఒక్క గులాబీ లేదు. అయినా దానికి పట్టే తెగుళ్ళన్నీ నాకు తెలుసు. ఇది గర్వంగానే చెబుతున్నాను.

భర్త చనిపోయాక అక్క తానే మగ్గంలోకి దిగింది. మా నేతవాళ్ళలో ఆడవాళ్ళు కండెలు చుడతారు, పడుగు సరిచేస్తారు. గుంటలో కూర్చుని నేసేది మగవాళ్ళు. వీధి కొన్నాళ్ళు బుగ్గలు నొక్కుకుంది. తర్వాత ఆమె నేసిన చీరల అంచులు చూసి నోరు మూసుకుంది. మా ఇళ్ళలో వీధివైపు గదే మగ్గం గది. నేలలో గుంట తవ్వి, అందులోకి కాళ్ళు దించుకుని కూర్చుంటారు. వెలుతురు కావాలి గనుక ఆ గుంట వీధి కిటికీ కిందే ఉంటుంది. ఇంటి ముందు కాస్త పోయిందంటే మగ్గం మొత్తం పోయినట్టే.

అది యుద్ధం నడుస్తున్న కాలం. నూలుకు కంట్రోలు వచ్చి సగం మగ్గాలు ఊరికే పడి ఉన్నాయి. అలాంటప్పుడు ఒక ఉదయం పెయింటరు ఒకడు ఎర్ర రంగు డబ్బాతో వచ్చి మా వీధిలో ఒక వరస ఇళ్ళకు నంబర్లు వేయడం మొదలుపెట్టాడు. పురసభవాళ్ళు, అంటే మునిసిపాలిటీవాళ్ళు, పంపారన్నాడు.

"ఎందుకప్పా ఈ నంబర్లు?" అని అడిగింది అక్క.

"నాకేం తెలుసు తల్లీ. ఎయ్యమన్నారు, ఏస్తుండా."

ఎదురింటి మామ మీసం దువ్వుకుంటూ తేల్చేశాడు. "ఇంకెందుకు? నూలుకే. ఏ ఇంట్లో మగ్గం ఉండాదో గుర్తు పెడతుండారు. ఆమేల ఆ ఇళ్ళకే నూలు వస్తాది."

ఆ మాట వీధి చివరికి చేరేసరికి నూలు వచ్చేసినంత పనైంది. నంబరు పడినవాళ్ళు గోడకు పసుపు కుంకుమ పెట్టారు. పడనివాళ్ళు పెయింటరు వెంట పడ్డారు. మలుపులో చివరిది అక్క ఇల్లు. దానికి ముందే నంబర్లు ఆగిపోయాయి. అక్క ఊరుకోలేదు.

"మొగుడు లేనిదాని మగ్గం మగ్గం కాదా? మా గోడకేం తక్కువ?"

"నాకు చెప్పింది అంతవరకే తల్లీ."

"చెప్పినోళ్ళు ఈ మలుపు చూసినారా? ముందు కాఫీ తాగు."

పెయింటరు కాఫీ తాగి మూతి తుడుచుకున్నాడు. "బెల్లం బాగా ఏసినావు. నీకు నంబరు గూడ దొడ్డదే ఏస్తా" అని, వరసలో తర్వాతి అంకెను అందరికంటే పెద్దదిగా వేసి వెళ్ళాడు.

నేను అంగడి నుంచి వచ్చేటప్పటికి ఆ నంబరు ఆరిపోయి ఉంది. నాకది నచ్చలేదు. నూలు ఇచ్చేది ఒక శాఖ, గోడల మీద రాసేది ఇంకొకటి. అక్కతో అదే అన్నాను.

"నువ్వు సదివినోడివి కదా, పోయి కనుక్కోరా. కొత్త పడుగు ఎక్కించాల. ఎక్కించనా, వద్దా? అది చెప్తే చాలు."

ఆమెకు కావలసింది ఆ ఒక్క మాటే. నిలువు పోగుల పడుగు ఒకసారి మగ్గానికి ఎక్కిందంటే అది పూర్తిగా నేతలోకి పోవాలి. మధ్యలో మగ్గం కదిలితే పోగులన్నీ చిక్కుపడి పాడవుతాయి.

పురసభ ఆఫీసుకు వెళ్ళాను. జవాను నా ముఖం కూడా చూడకుండా "నాళె బన్ని" అన్నాడు, రేపు రమ్మని. మర్నాడూ అదే మాట. అతని నాళె ఏనాటికీ రాదని అర్థమయ్యాక గ్రంథాలయంలో పురసభ చట్టం తీయించి చదివాను. సభకు ఎవరైనా వచ్చి వినవచ్చని అందులో ఉంది. బయటికి పంపాలంటే ప్రెసిడెంటు కారణం చెప్పాలనీ ఉంది. నాకు ఎక్కడలేని ధైర్యం వచ్చింది. అంగడికి సెలవు పెట్టి, ఉతికిన చొక్కా వేసుకుని, సభలో వెనక బెంచీ మీద కూర్చున్నాను.

ప్రెసిడెంటు సర్కారు నియమించిన మనిషి. జరీ తలపాగా, మెత్తటి గొంతు. ఒకటి రెండు విషయాలు అయ్యాక కళ్ళద్దాలు సర్దుకుని, తర్వాతిది పేట రోడ్ల విషయం, అది రహస్యం, చూడవచ్చినవాళ్ళు బయటికి వెళ్ళాలి అన్నాడు. చూడవచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. లేచి నిలబడి, నాకు వచ్చిన కన్నడంలో, కారణం చెప్పి పంపాలని చట్టంలో ఉంది స్వామీ అన్నాను.

"నువ్వు వకీలువా?"

"కాదు స్వామీ. చీరల అంగడిలో పని."

"అయితే వెళ్ళి చీరలు మడవవయ్యా."

మెంబర్లు నవ్వారు. నేను కదలలేదు. కారణం అడిగాను.

"యుద్ధకాలం. కారణం కూడా రహస్యమే."

జవాను నా భుజం పట్టి తలుపు దాటించాడు. మా వీధి మలుపు సంగతి తెలిస్తే జర్మనీవాడు ఏం చేసుకుంటాడో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. లోపల మా గోడల గురించి మాట్లాడుతున్నారు. బయట నేను తలుపుకున్న ఇత్తడి గడియను చూస్తూ నిలబడ్డాను.

ఇంటికి వచ్చి, కొన్నాళ్ళు ఆగు అన్నాను అక్కతో.

"ఆగితే తినేదేంది, నీ పుస్తకాలా?" అంది. దాచుకున్న నూలంతా తీసి పడుగు ఎక్కించింది.

మొదటి చీర సగం అయ్యేటప్పటికి గడ్డపారలు వచ్చాయి. రోడ్డు వెడల్పు చేస్తున్నారని అప్పుడు తెలిసింది. నంబరు ఉన్న ఇంటికల్లా ముందు భాగం పోవాలి. అక్క ఇల్లు చిన్నది, ముందు భాగం పోతే ఇక మిగిలేదేమీ లేదు. ఓవర్సియరును పట్టుకుని, రోడ్డు మలుపుకు ముందే తిరిగిపోతోంది, మా అక్క ఇంటితో మీకేం పని అని అడిగాను.

"నంబరు ఉండాది కదప్పా."

"అది మేము అడిగి వేయించుకున్నది."

"అడిగి ఏయించుకున్నారా? ఇంకేమప్పా, ఒప్పుకున్నట్టే కదా!"

ఆ పూటే పెయింటరును వెతికి తెచ్చాను. అందరి ముందూ, ఈ ఇల్లు నాకు చెప్పినవాటిలో లేదు, కాఫీ తాగి నేనే వేశాను అన్నాడు. ఓవర్సియరు పైవాళ్ళను అడగమన్నాడు. పైవాళ్ళు అది రహస్య తీర్మానం, మాట్లాడకూడదు అన్నారు. వాళ్ళు మాట్లాడకుండా కూర్చున్న చోటికి గడ్డపారల చప్పుడు వినబడదు. అక్క మగ్గం మీద సగం చీరను కత్తెరతో కోసి, చుట్టి, చంకలో పెట్టుకుని బయటికి వచ్చింది. ఏడవలేదు. పోగులు దుమ్ములో పడతాయి, పక్కకు జరగండప్పా అంది.

యుద్ధం అయిపోయింది. స్వాతంత్ర్యం వచ్చింది. కొత్త ప్రెసిడెంటు వచ్చాడు, ఈయనకు గాంధీ టోపీ. ఆ ఇల్లు ఎందుకు కావలసివచ్చింది, కావలసివస్తే ఎందుకు వాడుకోలేదు అని మళ్ళీ అడిగాను. అది పాత ప్రభుత్వం నాటి రహస్య విషయం, ఇప్పుడు తెరవడానికి వీల్లేదు అన్నాడు. ప్రభుత్వం మారింది గానీ రహస్యం మారలేదు.

సాయం చేసినవాళ్ళను పేరుపేరునా తలుచుకోవాలని ఉంది, కానీ పేర్లు రాయనని మాట ఇచ్చాను. అడిగినప్పుడల్లా చట్టం పుస్తకం తెచ్చిపెట్టి, మూసేవేళ దాటినా కాసేపు కూర్చోనిచ్చిన గ్రంథాలయ గుమాస్తాకు నా నమస్కారం. నిజం చెప్పి పని పోగొట్టుకున్న పెయింటరుకు నమస్కారం. నూలు కబురు పుట్టించిన సిగ్గుతో తన మగ్గం గది పక్కనే అక్కకు ఇంకో గుంట తవ్వించి ఇచ్చిన ఎదురింటి మామకూ నమస్కారం. అక్క ఇప్పుడు అక్కడే నేస్తోంది, తనది కాని కిటికీ వెలుతురులో.

ఇది రాస్తున్నానని చెప్పి, నీ పేరైనా వేయనా అని అక్కను అడిగాను. పోగుల మధ్య నాడె ఆడించడం ఆపకుండానే జవాబు చెప్పింది.

"వద్దురా. పేరు కనబడితే పక్కన నంబరేస్తారు."