మా కిటికీ ముందు ఏసీ డబ్బా

నా చిన్నప్పటి అబద్ధం ఒకటి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. రోజూ డైరీ రాసుకునే నేను, డైరీలో కూడా దాన్ని రాయలేదు. అప్పుడు నాకు పదేళ్ళు. అమ్మ ఒక మాట అడిగి రమ్మని పంపింది. నేను అడగకుండానే తిరిగొచ్చి, అడిగానని చెప్పాను. అంతే. కానీ ఎండాకాలం వచ్చి పొరుగు గోడల మీద ఏసీ డబ్బాలు బుస్సుమనడం మొదలుపెడితే చాలు, ఇప్పటికీ కోపంతో లేచి కిటికీ మూసేస్తాను.

అప్పుడు మేము గోదావరిఖనిలో ఒక కంపెనీ క్వార్టర్ వెనక, రేకుల గదిలో అద్దెకు ఉండేవాళ్ళం. క్వార్టర్‌లో ఉండేది బొగ్గుబాయిలో దిగి పనిచేసే పర్మినెంటు కార్మికుడు. ఆయన్ని నేను కాక అని, ఆయన భార్యను చిన్నమ్మ అని పిలిచేదాన్ని. మా నాన్న ఓపెన్‌కాస్టు గనిలో మట్టి ఎత్తే కాంట్రాక్టరు దగ్గర టిప్పర్ డ్రైవరు. ఇద్దరి కష్టమూ ఒక్క బొగ్గు కోసమే. అయినా కాకకు క్వార్టర్ ఉంది, దవాఖాన ఉంది, కరెంటు దాదాపు ఉచితం. మా నాన్నకు దుమ్ము పట్టిన చొక్కా తప్ప ఏమీ లేదు.

పెరట్లో రేకులు దించి గది వేసి మాలాంటి వాళ్ళకు ఇవ్వడం ఆ వాడలో చాలామంది చేసే పనే. వాళ్ళ వంటింట్లోంచి గోడ మీదుగా ఒక వైరు మా గదికి వచ్చేది. ఫ్యానుకు ఇంత, ఎండాకాలం కూలరుకు ఇంకొంత అని చిన్నమ్మ నెలనెలా తీసుకునేది. తనకు ఊరికే వచ్చిన కరెంటును మాకు అమ్ముతోందన్న సంగతి అప్పుడు నాకు తట్టలేదు. ఇప్పుడు తట్టినప్పుడల్లా పళ్ళు కొరుకుతాను.

ఆ ఏడు వాళ్ళింట్లోకి ఏసీ వచ్చింది. క్వార్టర్‌ది పాత వైరింగు. ఏసీ, మా కూలరు కలిసి నడిస్తే ఫ్యూజు ఎగిరిపోయేది. అందుకని ఏసీ వేసినంతసేపూ మా కూలరు బంద్. దాని స్విచ్చు కూడా వాళ్ళ వంటింట్లోనే. అది చాలదన్నట్టు, ఏసీ బయటి డబ్బాను తెచ్చి పెరటి గోడకు, సరిగ్గా మా కిటికీకి ఎదురుగా బిగించారు. వాళ్ళ గదిలోని వేడినంతా పోగుచేసి అది మా గదిలోకి ఊదేది. కిటికీ మూస్తే ఊపిరాడదు. తెరిస్తే పొయ్యి ముందు కూర్చున్నట్టు ఉంటుంది. నెత్తి మీద రేకులు. ఆ డబ్బాను అక్కడ బిగిస్తుంటే మేమంతా నిలబడి చూశాం. ఒక్కరం కూడా ఇదేమిటని అడగలేదు.

ఆ వేసవిలోనే మా చెల్లె పుట్టింది. మా వైపు బాలింత ఇరవై ఒకటో రోజు దాకా గడప దాటకూడదు. చెవులకు గుడ్డ కట్టుకుని మంచం మీదే ఉండాలి. అది పదిహేడో రోజు, మిట్టమధ్యాహ్నం. నాన్న డ్యూటీకి పోయాడు. చెల్లె ఒళ్ళంతా చెమటకాయలు. పొద్దుటి నుంచి ఏడ్చి ఏడ్చి, ఇక ఏడవడం కూడా మానేసింది. రొమ్ము నోటికి అందిస్తే పట్టుకోవడం లేదు. పెదవులు ఎండిపోయాయి. అమ్మ తడిగుడ్డతో దాని అరికాళ్ళు తుడుస్తూ, బయటికి పోలేక నన్ను పంపింది.

"పోయి చిన్నమ్మకు చెప్పు బిడ్డా. ఒక్క గంట ఏసీ బంద్ చేసి మన కూలరెయ్యమను. పిల్ల పాలు తాగుతలేదను. జల్ది పో."

దారి పొడవునా ఆ మాటలే అనుకుంటూ ముందు వాకిట్లోకి వెళ్ళాను. నేను మాట రాని పిల్లను. బడిలో నీళ్ళు తాగొస్తానని అడగడానికి కూడా నోరు పెగిలేది కాదు. తలుపు వేసి ఉంది. కింద సందులోంచి చల్లగాలి వచ్చి నా కాలివేళ్ళకు తగిలింది. తలుపు కొట్టడానికి చెయ్యెత్తాను. దించాను. లోపల కాక నైట్ షిఫ్టు చేసొచ్చి నిద్రపోతున్నాడు, లేస్తే తిడతాడేమో. మళ్ళీ ఎత్తాను. మళ్ళీ దించాను. ఇందులో ఇంకో సంగతి ఉంది, రాయడానికి సిగ్గుగా ఉన్నా రాస్తాను. ఆ చల్లదనం కాళ్ళకు హాయిగా ఉండి, దాని కోసమే ఇంకాసేపు నిలబడ్డాను. అక్కడ మా చెల్లె ఉడికిపోతూ ఉంది.

వెనక్కి వచ్చి, "ఎయ్యరట" అన్నాను అమ్మతో.

అమ్మ చెల్లెను ఒళ్ళోకి తీసుకుని బుగ్గ తట్టింది. అది కళ్ళు తెరవలేదు. మళ్ళీ తట్టింది. అంతే, అమ్మ లేచింది. ఆచారం, గడప, చెవుల గుడ్డ ఏవీ చూసుకోలేదు. పిల్లను భుజాన వేసుకుని నిప్పులు చెరిగే ఎండలోకి, వాళ్ళ వాకిట్లోకి వెళ్ళి నిలబడింది.

"ఏమక్కా! మీకు సల్లగుండాలె, నా పిల్ల ఉడకాల్నా?"

ఆ వరుసలోని క్వార్టర్ల తలుపులన్నీ తెరుచుకున్నాయి. చిన్నమ్మ కళ్ళు నులుముకుంటూ వచ్చింది.

"ఏందే, బాలింతవు ఎండల నిలవడి గట్ల ఒర్రుతవు? సూసెటోళ్ళు నవ్వుతరు. మీ అన్న పండుకున్నడు, రాత్రి బాయిల దిగాలె."

"నవ్వనీ. నా బిడ్డ అచ్చి అడిగితె ఎయ్యం పో అన్నరట గదా?"

"ఎవ్వలచ్చిండ్రు? ఎవ్వలడిగిండ్రు? ఒట్టు, తలుపన్న కొట్టలే ఎవ్వలు! అయినా బాలింతకు కూలరేందే? వాతం జేస్తది."

"వాతం జేసేదాంక బతకాలె గదా!"

అందరూ నావైపు చూశారు. నేను అమ్మ వెనక్కి జరిగాను. అప్పుడు వసారా మూల నుంచి కాక వాళ్ళమ్మ మాట్లాడింది. ఏసీ గాలికి మోకాళ్ళు పట్టేస్తాయని ఆ అవ్వ మధ్యాహ్నాలు అక్కడే తడిపిన గోనెసంచి మీద కూర్చునేది. నేను ఆమెను గమనించలేదు గానీ, నేను వచ్చిందీ, చెయ్యెత్తి దించిందీ, అంతా చూసింది.

"అచ్చింది. నేను సూసిన. శానసేపు నిలవడ్డది పిల్ల" అంది. తర్వాత కోడలి వైపు తిరిగింది. "తలుపు బిగిచ్చుకొని పంటె బయట ఎవ్వలున్నరో నీకేం ఎరుక? జరుగు. లోపటికి రానీ దాన్ని."

ఆ మాటల్లో ఒక్క అబద్ధం లేదు. నేను అడిగానని ఆమె అనలేదు.

కాక లుంగీ సర్దుకుంటూ బయటికొచ్చాడు. చెల్లె మొహం చూశాడు. "ఏందమ్మా, ఇంతసేపు ఏం జేస్తున్నవు? తీస్కరా లోపటికి" అని అమ్మకు తన మంచం ఇచ్చి, తాను వసారాలో తల్లి పక్కన చాప వేసుకున్నాడు. కొంతసేపటికి ఆ చల్లటి గదిలో చెల్లె గుటకలు వేయడం వినబడింది. అంత ఆకలి చప్పుడు నేను మళ్ళీ వినలేదు. కాకకు మాత్రం ఆ ఉక్కలో నిద్ర పట్టలేదు. ఎర్రటి కళ్ళతోనే డ్యూటీకి పోయాడు. మరునాడు పొద్దున ఆయన బాయి నుంచి క్షేమంగా తిరిగొచ్చేదాకా నాకు అన్నం సయించలేదు.

ఇరవై ఒకటో రోజు గడిచాక చిన్నమ్మ గది ఖాళీ చేయమంది. చేశాం. మా అమ్మ ఈ రోజుకీ ఆమెను క్షమించలేదు. "పసిపిల్ల పోయి అడిగితె కాదన్న మనిషి" అని ఎవరొచ్చినా చెబుతుంది. వింటూ కూర్చుంటాను. చిన్నమ్మ చేసినవి చాలా ఉన్నాయి. వేడి డబ్బాను మా మొహాన బిగించింది, ఊరికే వచ్చిన కరెంటును మాకు అమ్మింది. ఆ ఒక్కటి మాత్రం చేయలేదు. అది నేను ఆమె నెత్తిన వేసిన నింద. నా కోపం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో నాకే తెలియదు. ఆ డబ్బా మీద, ఆమె మీద, ఒకే బొగ్గు తవ్వేవాళ్ళలో ఒకరికి చల్లదనమూ ఒకరికి దాని సెగా పంచిన పద్ధతి మీద, అన్నింటికంటే ఎక్కువగా ఆ తలుపు ముందు నిలబడ్డ నా కాళ్ళ మీద.

ఇప్పటికీ నేను పెద్దగా మాట్లాడను. ఇన్నేళ్ళలో గొంతెత్తి అరిచింది రెండేసార్లు. మొన్నటి ఎండల్లో, ఇప్పటి ఇంటి ఓనరు కరెంటు ధర తనకు నచ్చినట్టు కట్టమంటే మెట్ల మీద నిలబడి అరిచాను. కిటికీల్లోంచి జనం చూశారు. ధర మారింది. ఇంకోసారి ఎందుకు అరిచానో ఇక్కడ రాయను. ఆ రెండుసార్లూ నన్ను బయటికి తోసింది అవ్వే.

గది ఖాళీ చేసిన రోజు, ట్రాలీ ఆటోలో సామానంతా ఎక్కించాక, అవ్వ మోకాళ్ళు పట్టుకుని నెమ్మదిగా నా దగ్గరికి వచ్చింది. నిజం చెప్పేద్దామని, "అవ్వా, నేనా రోజు..." అన్నాను. ఆమె నా నోటికి అరచెయ్యి అడ్డం పెట్టింది. ఆ తర్వాత ఆమెను నేను చూడలేదు; నాతో ఆమె అన్న ఆఖరి మాట ఇది.

"నాకెరుకే. గిప్పుడు జెప్తె ఏమస్తది? కోపమొస్తె ఇంట్ల కూసొని ఏడ్వకు బిడ్డా. మీ అమ్మ లెక్క వాకిట్లకచ్చి ఒర్రు."