కుతుబ్ మినార్ కింద చిలుకల అంచు

ఢిల్లీ యాత్రకు ధర్మవరంలో రైలెక్కింది నేనొక్కణ్ణే. మిగతావాళ్ళంతా హిందూపురం నుంచి జంటలుగా వచ్చారు. కుతుబ్ మినార్ కింద వాళ్ళు ఒకరి ఫోటో ఒకరు తీసుకుంటున్నారు. అంత ఎత్తు కట్టి మనుషుల మెడలు విరచడం దేనికో! విసుగొచ్చి తల దించాను.

ఎదురుగా ఒకామె పట్టుచీరలో నిలబడి ఉంది. ఎర్రటి అంచులో చిలుకల వరస. మా మగ్గం మీద నేసిందే. నేసినవాడికి తన అంచు తెలియకుండా ఉండదు. అలాంటి అంచు నేయాలంటే పక్కన ఇంకొకరు కూర్చుని అంచు దారం చుట్టిన నాడె అందించాలి. నా పక్కన కూర్చున్నది నా భార్య. ఆమె పోయి రెండేళ్ళయింది. అప్పటినుంచి సాదా అంచులే నేస్తున్నాను.

దగ్గరికెళ్ళి, "ఏమమ్మా, ఈ చీర యాడ తీసుకున్యారు?" అని అడిగాను. ఆమెకు తెలుగు రాదు. ఫోటో తీస్తానంటున్నానేమో అనుకుని, నవ్వుతూ ఫోన్ నా చేతిలో పెట్టి మినార్ ముందు నిలబడింది.

తీశాను. చూసుకుని ముఖం చిట్లించి, ఫోన్ ఇంకెవరికో ఇచ్చింది. నేను తీసినదాంట్లో మినార్ లేదు, ఆమె ముఖమూ లేదు. అంచు మాత్రం ఒక్క చిలుక తప్పకుండా పడింది.