సర్వసమ్మతి గారి విహారయాత్ర

మా ఆఫీసులో ఆయన్ని ఎదురుగా సార్ అనేవాళ్లం, వీపు తిప్పగానే సర్వసమ్మతి అనేవాళ్లం. చిన్న విషయమైనా అందర్నీ అడగనిదే చెయ్యడు. కిటికీ తెరవాలన్నా అడుగుతాడు. అడిగి, అందరూ చెప్పింది శ్రద్ధగా విని, తల ఊపి, చివరికి తను ముందే అనుకున్నది చేస్తాడు. మొండివాడితోనైతే పోట్లాడొచ్చు. ఈయనతో పోట్లాడితే మనమే మొరటువాళ్లలా కనిపిస్తాం.

ఆయన డిజైనర్. ఫోన్ యాప్‌లో ఏ బటన్ ఎక్కడుండాలి, ఏది నొక్కితే ఏం రావాలి అన్నది ఆయన గీస్తాడు. ఆ బటన్ల మీద మాటలు రాయడం నా ఉద్యోగం. "సరే", "వద్దు", "మళ్లీ ప్రయత్నించండి" - ఇదీ నా సాహిత్యం. అలా ఆయన గొప్పతనాన్ని దగ్గర్నుంచి చూసే భాగ్యం నాకు దక్కింది.

మా యజమాని మా అందరికంటే చిన్నవాడు. తండ్రి కట్టిన భవనంలో ఒక అంతస్తు తీసుకుని, గదులన్నిటికీ గాజు గోడలు పెట్టించి, ఏం చెయ్యాలా అని ఆలోచిస్తూ కూర్చున్నాడు. ఆ రోజుల్లోనే స్నేహితులతో కలిసి ఎక్కడికైనా వెళ్లాలని మాటలు మొదలుపెట్టాడట. ఒకరు కొండలన్నారు, ఒకరు సముద్రమన్నారు, ఇంకొకరు వచ్చే నెలన్నారు. ఆఖరికి ఎవరూ కదల్లేదు. ఆ దుఃఖంలో అతనికి యాప్ తట్టింది. పదిమంది కలిసి వెళ్లాలంటే ఎక్కడికి, ఎప్పుడు, దేనిలో, దారిలో ఎక్కడ తినడం - అన్నీ ఓట్లతో తేలిపోవాలి. పేరు "కలిసెళ్దాం". ఆ స్నేహితులకు తనతో రావడమే ఇష్టం లేదేమో అన్న అనుమానం అతనికి రాలేదు. వచ్చుంటే ఇంతమందిమి ఇంకేదైనా పనికొచ్చే పని చేసుకునేవాళ్లం.

పని సర్వసమ్మతి చేతిలో పడింది. ఆయన పొంగిపోయాడు. గాజు గోడల నిండా పసుపు కాగితాలు అంటించి, వాటి ముందు చేతులు కట్టుకుని నిలబడేవాడు. మేము అటు వెళ్తుంటే ఆపి, "మీరైతే ఏం చేస్తారు?" అని అడిగేవాడు. మా జవాబులు రాసుకుని, వాటిని కూడా అంటించేవాడు. సాయంత్రానికి ఊడ్చేవాళ్లు వాటిలో సగం ఎత్తేసేవాళ్లు. ఆయనకు తేడా తెలిసేది కాదు.

చివరికి ఒక పద్ధతి తయారైంది. ప్రతి చోటుకీ అందరూ మార్కులు వెయ్యాలి. ఎవరికీ మరీ కష్టంగా లేని చోటు గెలుస్తుంది.

"అంటే ఎవరూ కోరుకోనిది గెలుస్తుందన్నమాట" అన్నాను.

"కాదమ్మా, ఎవరూ కాదనలేనిది గెలుస్తుంది" అన్నాడు, చంటిపిల్లకు అన్నం తినిపిస్తున్నంత ఓపిగ్గా.

ఇంకో నియమం కూడా పెట్టాడు. ఒక్కరు ఓటు వెయ్యకపోయినా యాప్ ముందుకు కదలదు. ఒక్క గొంతును కూడా వదిలెయ్యకూడదన్నది ఆయన సిద్ధాంతం. అప్పటిదాకా తెర మీద ఒక చక్రం తిరుగుతూ ఉంటుంది, కింద "ఇంకొక్కరి కోసం చూస్తున్నాం" అని వస్తుంది. ఆ మూడు మాటల్నీ ఆయన నాచేత ఎన్ని రకాలుగా తిరగరాయించాడో చెప్తే మీరు నమ్మరు.

యాప్ బయటికి వదిలే ముందు ఆఫీసువాళ్లమంతా కుటుంబాలతో సహా దాంతోనే ఒక యాత్ర చెయ్యాలన్నాడు యజమాని. అదంతా వీడియో తీసి ప్రకటనగా వాడుకుంటాడట. ఓట్లు వేశాం. సగంమందికి సముద్రం కావాలి, సగంమందికి కొండలు కావాలి. గెలిచింది ఊరి చివరి జలాశయం. అది ఎవరికీ మొదటి కోరిక కాదు, రెండోదీ కాదు. సర్వసమ్మతి ముఖం మాత్రం వెలిగిపోయింది.

ఆదివారం ఉదయం వ్యాన్ ఎక్కాం. ఆయన భార్య పళ్ల డాక్టరు దగ్గర నర్సు. రోజంతా నోరు తెరవండి, మూయండి అని చెప్పి చెప్పి, సెలవురోజు మాట్లాడే ఓపిక లేని మనిషి. తల్లిని కూడా వెంట తెచ్చింది. పెద్దావిడకు షుగర్ ఉంది, వేళకు తినకపోతే నిలబడలేదు. సీట్లో కూర్చోగానే ఏ దారిన వెళ్లాలని యాప్ అడిగింది. ఆవిడ ఫోన్ అల్లుడి చేతికివ్వబోయింది.

"అల్లుడుగారూ, నా ఓటు కూడా మీరే వేసెయ్యండి. నాకు ఏ దారైనా ఒకటే."

"అలా కుదరదు అత్తయ్యగారూ. మీ అభిప్రాయం మీరే చెప్పాలి."

"నాకు అభిప్రాయం లేదు నాయనా."

"దానికీ బటన్ ఉంది. 'అభిప్రాయం లేదు' అని. అది నొక్కండి."

ఆవిడ కళ్లద్దాలు వెతుక్కుని, వేలితో తడిమి తడిమి, నొక్కింది. కూతురు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

జలాశయంలో నీళ్లు లేవు. తూములు బాగు చెయ్యడానికి ఖాళీ చేశారట. నెర్రెలిచ్చిన బురద, దానిలో బోర్లా పడున్న రెండు పడవలు, గట్టు మీద మూతపడ్డ టికెట్ల గది. ఆకాశం ఒక్కటే వచ్చేట్టు తియ్యమన్నాడు యజమాని. కెమెరా అతను మమ్మల్ని గట్టు మీద నిలబెట్టి నవ్వమన్నాడు. నవ్వాం. తర్వాత యాప్ అడిగింది: "ఈ చోటు ఎలా ఉంది?" యజమాని చూస్తున్నాడు కాబట్టి అందరం అయిదు చుక్కలూ ఇచ్చాం.

తిరుగుదారిలో మధ్యాహ్నం దాటిపోయింది. రోడ్డుకి అటొకటి, ఇటొకటి రెండు భోజనశాలలు కనిపిస్తే డ్రైవరు వ్యాన్ ఆపాడు. వంట వాసన లోపలిదాకా వస్తోంది. మేము లేవబోయేంతలో సర్వసమ్మతి చెయ్యెత్తాడు. ఎక్కడ తినాలో ముందు ఓటు వెయ్యాలి. వేశాం. చక్రం తిరుగుతోంది. ఇంకొక్కరి కోసం చూస్తున్నాం.

ఆ ఒక్కరూ యజమాని. ముందు సీట్లో నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు.

లేపుదామంటే సర్వసమ్మతికి ధైర్యం లేదు. వదిలేద్దామంటే సిద్ధాంతం ఒప్పుకోదు. ఫోన్ రెండు చేతులతో పట్టుకుని, చక్రాన్నీ యజమాని ముఖాన్నీ మార్చి మార్చి చూస్తూ నిలబడ్డాడు. వ్యాన్ లోపల ఉక్కపోత. ఎవరో దగ్గారు, యజమాని లేస్తాడేమోనని ఆశగా. లేవలేదు.

"అమ్మాయ్, కళ్లు తిరుగుతున్నట్టుంది" అంది పెద్దావిడ మెల్లగా. నుదురంతా చెమట. ఒళ్లో ఉన్న చేతులు వణుకుతున్నాయి.

కూతురు ఆ చెయ్యి పట్టుకుని చూసింది. "ఏమండీ, అమ్మకి షుగర్ పడిపోతోంది. దారివ్వండి."

"ఒక్క నిమిషం. సార్ లేవగానే అయిపోతుంది. ఇప్పుడు దిగిపోతే పరీక్ష మొత్తం పాడవుతుంది."

ఆవిడ భర్త వైపు చూసింది. పీకెయ్యాలో ఉంచాలో తేలని పన్నును అలాగే చూస్తారనుకుంటాను. తర్వాత ఆయన్ని భుజంతో పక్కకు నెట్టి, తలుపు లాగి, తల్లిని నడుం చుట్టూ పట్టుకుని దించింది. దగ్గర్లో ఉన్న భోజనశాలలోకి నడిపించుకెళ్లి, గ్లాసుడు నీళ్లలో పంచదార కలిపించి తాగించింది. రొట్టె తెప్పించి ముక్కలు చేసి నోటికందించింది. మేమంతా ఒకరి వెనక ఒకరం వెళ్లి పక్క బల్లల దగ్గర కూర్చున్నాం. కెమెరా అతను కెమెరా మూతేసి మరీ వచ్చాడు.

కాసేపటికి పెద్దావిడ ముఖంలోకి రంగొచ్చింది. "మీ ఆయన తిన్నాడా?" అని అడిగింది.

"ఓటింగ్ అవలేదమ్మా" అంది కూతురు, తల్లి మెడ తుడుస్తూ.

ఆయన వ్యాన్‌లోనే ఉన్నాడు. కిటికీ అద్దంలోంచి కనిపిస్తూనే ఉన్నాడు. చివరికి యజమాని నిద్రలేచి, ఒళ్లు విరుచుకుంటూ నేరుగా మా దగ్గరికొచ్చి, ఎవర్నీ ఏమీ అడక్కుండా పక్కవాడి పళ్లెంలోంచి తినడం మొదలుపెట్టాడు. అప్పుడు దిగాడు సర్వసమ్మతి.

మర్నాడు మీటింగులో ఆయన లేచి, "నిన్న నా వల్ల ఒక లోపం జరిగింది" అన్నాడు. పోనీలే, మనిషికి సిగ్గొచ్చింది అనుకున్నాను.

"తన ఆకలి చెప్పుకునే మార్గం వినియోగదారుకు మనం ఇవ్వలేదు."

అలా పుట్టింది ఆకలి బటన్. వరసగా అయిదు చిన్న పొట్టల బొమ్మలు, ఒకదానికంటే ఒకటి లోపలికి పోయినవి. మాటలు నేను రాయాలి. కొంచెం ఆకలి, బాగా ఆకలి, అలా వెళ్లి చివర్న "కళ్లు తిరుగుతున్నాయి".

"ఈ చివరిది నొక్కితే ఓటింగ్ ఆగిపోతుందా?" అని అడిగాను.

"అలా ఎలా ఆపుతాం? మిగతావాళ్లకు గంట మోగుతుంది."

"కలిసెళ్దాం" బయటికొచ్చింది. జనం తెగ ప్లాన్లు వేశారు. వెళ్లినవాళ్లు మాత్రం తక్కువ. ఎవరు దేనికి ఎన్ని మార్కులు వేశారో అందరికీ కనబడాలని యజమాని పట్టుబట్టాడు. దాంతో ఎవరు ఎవరి మాట కాదన్నారో చూసుకోవడానికే యాప్ పనికొచ్చింది. తోడికోడళ్లు మాటలు మానేశారని ఒకాయన మాకు ఫిర్యాదు రాశాడు. తన పుట్టింటి ఊరికి ఆడపడుచు సున్నా వేసిందని ఇంకొకావిడ రాసింది. ఏడాది తిరక్కుండా ఒక పెద్ద కంపెనీ మా కంపెనీని కొని, ఆ యాప్‌ను మూసేసింది.

యాప్ పోయాక బహుమతి వచ్చింది. ఆ ఏటి అత్యంత మానవీయమైన డిజైన్ అట, ఆకలి బటన్. ఏసీ హాలు, పూలబొకేలు, మెడలో కార్డులు. నేను, ఆయన భార్య, అత్తగారు రెండో వరసలో కూర్చున్నాం. సర్వసమ్మతి మైకు ముందు గొంతు సవరించుకున్నాడు. "ఒక వృద్ధ వినియోగదారు కళ్లు తిరిగి పడబోయిన క్షణంలో నేను ఆమె పక్కనే ఉన్నాను. ఆ బాధ నన్ను మార్చేసింది."

"పాపం, ఎవరమ్మా ఆవిడ?" అని నా చెవిలో అడిగింది అత్తగారు.

"మీరేనండి."

"పక్కనే ఉన్నాడు, నిజమే" అంది ఆవిడ.

చప్పట్లు ఆగేలోపు కూతురు లేచి, "పదమ్మా, మాత్రల వేళయింది" అని తల్లిని తీసుకెళ్లిపోయింది. ఆయన జ్ఞాపిక పట్టుకుని వచ్చేసరికి నా పక్క కుర్చీలు రెండూ ఖాళీ. ఒకదాంట్లో జ్ఞాపికను నిలబెట్టి, వెలుగు సరిగ్గా పడేట్టు తిప్పి, ఫోటో తీసుకున్నాడు.

ఇప్పుడు మేమిద్దరం ఆ పెద్ద కంపెనీలోనే పనిచేస్తున్నాం. ఆయన హోదా పెరిగింది. మొన్న టీ దగ్గర కనిపించాడు. ముఖం పీక్కుపోయి ఉంది. భార్య, అత్తగారు, మరదళ్లు కలిసి సముద్రానికి వెళ్లారట. బస్సు ఎక్కాక ఫోన్ చేశారట.

"మీరు వెళ్లలేదా?" అన్నాను.

"నన్ను అడగలేదు" అన్నాడు. ఆయన గొంతు అంత చిన్నగా వినడం నాకదే మొదలు. టీ కప్పు ఎత్తాను. నాకు నిజంగానే జాలేసింది. ఒక గుక్క తాగేంతసేపు.

తర్వాత ఆయన జేబులోంచి పెన్ను తీశాడు. "ఇలా ఇంట్లోవాళ్లు పిలవకుండా వదిలేసే మగవాళ్లు చాలామందే ఉంటారు కదూ? మీరైతే ఏం చేస్తారు?" అని అడిగి, రాసుకోవడానికి చేతులు తుడుచుకునే కాగితం మడత విప్పాడు.

నేను కప్పు కడిగి పెట్టేసి, నా సీట్లోకి వెళ్లిపోయాను.