చిలకత్త గొంతు పరీక్ష

ఆ వీధిలో ఆవిడ అసలు పేరు ఎవరికీ గుర్తు లేదు. అందరికీ చిలకత్తే. పొట్ట నొక్కితే "అన్నం తిన్నావా? పళ్లు తోముకున్నావా?" అని పిల్లల ప్రాణాలు తోడేసే ఆకుపచ్చ ప్లాస్టిక్ చిలక ఉందే, దాని గొంతు ఆవిడదే. ఆవిడ బేరమాడితే కూరగాయలబ్బాయి ముందు నవ్వి, ఆ తర్వాతే ధర చెప్పేవాడు. పైకి "ఏదో బతుకుతెరువు" అనేది గానీ, ఆ గొంతంటే ఆవిడకు ప్రాణం.

బొమ్మల కంపెనీవాళ్లు కొత్త చిలకను తయారుచేస్తూ మాటలన్నీ మళ్లీ రికార్డు చేయాలన్నారు. గొంతు పరీక్షకు చాలామంది వస్తున్నారు, మీరూ రండి అన్నారు. నా గొంతుకు నాకే పరీక్షా అని సణుక్కుంటూనే చిలకత్త మంచి చీర కట్టుకుని వెళ్లింది.

గోడలకు స్పాంజి అంటించిన ఇరుకు గది. అద్దం అవతల కొత్తగా చేరిన రికార్డింగ్ ఇంజనీరు. ఆవిడ నిండుగా "అన్నం తిన్నావా?" అంది. అతను పాత చిలక పొట్ట నొక్కి విని, తల అడ్డంగా ఊపాడు.

"బావుందమ్మా. కానీ మన చిలక గొంతు కాదిది. మీది లావుగా ఉంది. రేపు ఇంకోసారి చూద్దాం."

ఇంటికొచ్చి కుర్చీలో కూలబడింది. "ముసలిదాన్నయిపోయానండీ. గొంతు లావెక్కిందట."

కుట్టుమిషను ముందున్న మొగుడు తలెత్తలేదు. "నడుం లావెక్కినప్పుడు నేనేమన్నా అన్నానా? జాకెట్లు వదులు చేసిచ్చాను. దీనికీ ఏదో ఉపాయం ఉంటుందిలే."

ఉపాయం ఆవిడే కనిపెట్టింది. చిలకను ఒళ్లో పెట్టుకుని, ముక్కు నొక్కుకుని, అది ఎలా అంటే అలా అనడం మొదలుపెట్టింది. సాయంత్రానికల్లా ఏది చిలకో ఏది అత్తో మొగుడికే తెలియలేదు. మర్నాడు ఇంజనీరు ఎగిరి గంతేశాడు. "అచ్చం ఇదే!" అంటూ మాటలన్నీ రికార్డు చేసుకున్నాడు. చిలకత్త ఏనుగెక్కినంత సంబరంతో ఇల్లు చేరింది.

నమూనా బొమ్మ తయారయ్యాక మళ్లీ పిలిచారు. ఇంజనీరు పొట్ట నొక్కాడు. చెవి దగ్గర దోమ తిరిగినట్టు కీచుమంది. ఒక్క మాట అర్థమైతే ఒట్టు. అతను బ్యాటరీలు మార్చాడు, వైర్లు పీకి పెట్టాడు. దోమ దోమే.

అప్పుడు వెలిగింది చిలకత్తకు. చిలక పొట్టలో ఉండేది చొక్కా గుండీ అంత స్పీకరు. ఎంత నిండు గొంతయినా అందులోంచి సన్నబడే బయటికొస్తుంది. తానేమో ముందే సన్నం చేసి ఇచ్చింది. ఇన్నేళ్లూ ఇదే పని చేస్తూ ఆ మాత్రం తట్టనందుకు సిగ్గుతో చచ్చిపోయింది. చెబితే ఇంకెవరినో పిలుస్తారేమోనని భయపడింది కూడా. అయినా పాత చిలక గొంతు తనదేనన్న సంగతితో సహా జరిగిందంతా చెప్పేసింది.

"ఒక్కసారి నా మామూలు గొంతు తీసుకుని అందులో వేసి చూడండి బాబూ."

తీసుకున్నాడు. వేశాడు. నొక్కాడు. "అన్నం తిన్నావా?" అంది చిలక. పాత చిలకే! ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మొదటిరోజే ఇది నా గొంతేనని గట్టిగా అనుంటే సరిపోయేది కదమ్మా?" అన్నాడు ఇంజనీరు.

"మీరు కాదన్నారు కదా బాబూ," అంది చిలకత్త ముక్కు తుడుచుకుంటూ. "నేను నమ్మేశాను."