కోపగించేవాడి ఎదుటే చదవాలి

సవాయి దీవి ఉత్తరపు ఒడ్డున ఉన్న హైస్కూల్లో ఫువాతినో టీచర్ పిల్లలకు సంపాదకీయాలు రాయడం నేర్పుతుందంటే మొదట ఊరంతా నవ్వింది. పెద్దల సభ గీసిన గీత దాటని ఊళ్లో పిల్లకాయలకు అభిప్రాయాలేమిటని ఆ నవ్వు. ఆవిడ చెవిన పెట్టలేదు. నెలకోసారి వచ్చే బడి పత్రిక నాలుగు పేజీలు. సంపాదకీయం వచ్చే చివరి పేజీ మీద ఆవిడ ప్రాణం పెట్టుకుంది.

పిల్లల జబ్బేమిటో ఆవిడకు తెలుసు: మర్యాద. పెద్దల బిరుదులన్నీ వరసగా స్తుతించి, దేవుడికి దండం పెట్టి, ముందే క్షమాపణలు చెప్పుకుని, అసలు మాట దగ్గరికి వచ్చేసరికి కాగితం అయిపోయేది. "ఇంతకీ నీకేం కావాల్రా?" అని అడిగితే తల గోక్కునేవారు. అందుకని రెండే నియమాలు పెట్టింది. ఎదుటివాడి వాదం వాడికంటే బాగా రాయాలి. రాసింది వింటే ఎవరికి ఎక్కువ కోపమొస్తుందో, అచ్చుకు ముందు వాళ్ల ఎదుటే కూర్చుని చదవాలి. బస్సులో పాటల మోత గురించి రాసిన కుర్రాడొకడు డ్రైవరుకు చదివి వినిపించి, మొట్టికాయ తిని, ముందు సీటు సంపాదించుకుని వచ్చాడు.

ఆ ఏడు ఊరి మైదానంలో వాలీబాల్ నిషేధించారు. పక్క ఊరితో ఆటలో మాటా మాటా పెరిగి, ఈ ఊరి కుర్రాళ్ల చేతిలో అవతలి కుర్రాడి తల పగిలింది. నిషేధం పెట్టించినవాడు లియోతా. సభలో ఊరి తరఫున మాట్లాడే పెద్ద, ఫువాతినోకు స్వయానా అన్న. ఆడపిల్లల జట్టు కెప్టెన్ తెలేసియా, నిషేధం ఎత్తెయ్యాలని రాసుకొచ్చింది.

"టీచర్, ఇదంతా ఎందుకు? మీరొక్క మాటనండి చాలు. చెల్లెలడిగితే అన్న కాదంటాడా?"

నిజమే. అక్కడ ఆడతోబుట్టువు మాట తీసేసిన మగవాడు ఊళ్లో తలెత్తుకు తిరగలేడు. ఫువాతినో మనసు కాసేపు ఊగింది కూడా. ఆ పిల్లలు ఆడుతుంటే చూడడం ఆవిడకూ ఇష్టమే.

"కాదనలేనివాణ్ణి అడిగితే అది ఒప్పించడం ఎలా అవుతుందే? నువ్వే చదువు. నేను నోరు మూసుకుని కూర్చుంటా."

"ఆయన తిడితే?"

"తిడతాడు. మధ్యలో ఊపిరి తీసుకోడానికి ఆగుతాడుగా, అప్పుడు తర్వాతి వాక్యం చదువు."

ఆదివారం భోజనాలయ్యాక వెళ్లారు. లియోతా స్తంభానికి ఆనుకుని చాప మీద కూర్చున్నాడు. గోడల్లేని ఇల్లు గనుక, బయట చెట్టు కింద జట్టంతా చెవులు రిక్కించి నిలబడింది.

"మా చెల్లెలు పంపిందా?"

"లేదండి, నేనే వచ్చాను. టీచర్ ఏం మాట్లాడరు."

"మాట్లాడదా! ఈ ఇంట్లో ఇదే మొదటిసారి. సరే, కానీ."

తెలేసియా కాగితం విప్పి మొదలుపెట్టింది. "నిషేధం పెట్టిన పెద్దాయన ఆ రోజు ఆడలేదు, ఎవర్నీ కొట్టలేదు. అయినా పక్క ఊళ్లో, దెబ్బ తిన్న ఇంటి ముందు, మండుటెండలో, మా తప్పుకు క్షమాపణగా చాప కప్పుకుని తల వంచుకు కూర్చున్నది ఆయనే. వాళ్లు క్షమించి ఆ చాప తీసేదాకా లేవలేదు. మేము దూరం నుంచి చూశాం. పక్కన ఒక్కరం కూర్చోలేదు. ఆయన చోటులో మేమున్నా ఆట ఆపేసేవాళ్లమే."

లియోతా తల దించుకున్నాడు. గొడవలవుతాయని తప్ప ఆయన సభలో మరో కారణం చెప్పలేదు. ఆ రోజు ఇంటికొచ్చి చెల్లెలితోనూ చెప్పుకోలేదు. తాను అడగని సంగతిని ఈ పిల్ల చూసి రాసిందని ఫువాతినోకు సిగ్గేసింది. అంతకు మించి గర్వమూ కలిగింది.

"ఆట మళ్లీ మొదలవ్వాలి. ఈసారి తల పగిలితే చాప కింద ముందు కూర్చునేది జట్టు కెప్టెన్ని, నేను."

"నువ్వా?" లియోతా గర్జించాడు. "ముక్కుపచ్చలారని దానివి! నిన్ను ఎండలో కూర్చోబెట్టి మేం తిని పడుకోవాలా? మా పరువేం కావాలి? ఎవరు నేర్పారు నీకీ కూతలు?" అని ఊపిరి కోసం ఆగాడు.

"నన్నలా చూడాల్సొస్తుందని తెలిస్తే, మా అన్నల్లో ఒక్కడు కూడా చెయ్యెత్తడు," అని చదివింది తెలేసియా.

లియోతా చెల్లెలి వైపు తిరిగాడు. "నువ్వేమంటావు?"

ఒక్క మాటతో తేలిపోయేది. ఫువాతినో పెదవులు బిగబట్టి తల అడ్డంగా ఊపింది.

ఆయన ఒకసారి మైదానం వైపు చూశాడు. తర్వాత సర్దుకుని కూర్చున్నాడు.

"సభలో నీకు చోటు లేదు. కాగితం చూసి మాట్లాడే అలవాటు నాకు లేదు. మొదట్నుంచి మళ్లీ చదువమ్మా, నెమ్మదిగా. నాకు కంఠతా రావాలి."