బావగారి నవలకు చివరి అధ్యాయం

నిరుడు చనిపోయిన మా బావగారు, అంటే మా అక్క భర్త, జన్మలో ఒక్క సైన్స్ ఫిక్షన్ నవల రాశారు. మెల్‌బోర్న్ శివారు వెర్రిబీలో ఉండే ఆయన కూతురికి, మా మేనకోడలికి, తెలుగు వింటే అర్థమవుతుంది కానీ చదవడం రాదు. అందుకని నాలుగు ఆదివారాలుగా దాన్ని నేనే చదివి వినిపిస్తున్నాను. నిన్న కాగితాలు అయిపోయాయి, కథ అవలేదు. "దట్స్ ఇట్? ఎండింగ్ రాశారని అమ్మ చెప్పింది కదా మామయ్యా" అంది.

వైటూకే రోజుల్లో సిడ్నీలో, హారిస్ పార్క్‌లోని అక్కావాళ్లింట్లోనే నా మకాం. బావగారూ నేనూ ఒకే ఆఫీసులో ప్రోగ్రామర్లం. ఏడాదికి రెండంకెలే పెట్టుకున్న పాత ప్రోగ్రాములను సరిగ్గా బాగుచేసే తీరిక లేక, అక్కడక్కడా ప్యాచ్‌లు అతికించి పంపేసేవాళ్లం. బావగారికి రైల్లో సైన్స్ ఫిక్షన్ చదవడం అలవాటు. "నాలుగొందల పేజీలు అద్భుతంగా రాస్తాడోయ్, చివరి ఇరవై పేజీల్లో మనలాగే ప్యాచ్ కొట్టి ఇంటికెళ్లిపోతాడు" అని విసుక్కునేవారు. గ్రహాంతరవాసులు ఉన్నట్టుండి మంచివాళ్లైపోతారు, లేదా ఎవడో మీట నొక్కుతాడు, లేదా అంతా కలే. విసిగి విసిగి, పుస్తకం కొనగానే చివరి అధ్యాయాన్ని స్టేప్లర్‌తో బిగించేయడం మొదలుపెట్టారు. అక్కడిదాకా చదివి, మిగతాది అన్నం తింటూ తనే కల్పించి మాకు చెప్పేవారు. "పప్పు చల్లారిపోతోంది, లోకాన్ని కాస్త త్వరగా కాపాడండి" అనేది అక్క.

రెండువేల సంవత్సరం రాగానే అవన్నీ ఆగిపోతాయని మేం అంతగా భయపడిన జనవరి ఒకటిన ఏమీ కాలేదు. కొన్నాళ్లకు మా కాంట్రాక్టులే అయిపోయాయి. నాకు వేరే పని దొరికింది, ఆయనకు దొరకలేదు. ఖాళీగా ఉన్న ఆ నెలల్లోనే ఈ నవల రాశారు. చంద్రుడి మీద రెండు కాలనీలు, రెంటికీ కలిపి ఒకటే నీళ్ల పంపు. ఒక కాలనీకి నీళ్లు ఆపేయమని ఆపరేటరుకు హుకుం వస్తుంది. వాల్వు మీద చెయ్యేసి అతను నిలబడ్డ చోట చివరి అధ్యాయం మొదలయ్యేది.

మొదట నాకే ఇచ్చారు. "మొహమాటపడకోయ్. ఆఫీసులో కోడ్ చూసినట్టే చూడు" అన్నారు. నేను బుద్ధిగా అలాగే చూశాను. చివరి అధ్యాయం మీద ఎర్ర పెన్నుతో అడ్డంగా "ప్యాచ్" అని రాసి తిరిగిచ్చాను. నవ్వుతారనుకున్నాను. "సరే, మళ్లీ రాస్తాలే" అని ఆ కాగితాలను నా ఎదుటే చించి బుట్టలో వేశారు. తర్వాత ఆయనకూ ఉద్యోగం దొరికింది, అందరం మెల్‌బోర్న్ వచ్చేశాం, ఆయన మళ్లీ కలం పట్టలేదు. నేను అడగలేదు. అడిగే మొహం లేకపోయింది.

ఆ అధ్యాయం చదివినవాణ్ని లోకంలో నేనొక్కణ్నే. ఆపరేటరు వాల్వు కట్టేశాడా, వదిలేశాడా? నిన్నటినుంచి తలబద్దలు కొట్టుకుంటున్నా ఒక్క వాక్యం గుర్తు రావడం లేదు. ఏదో ఒకటి కల్పించి చెబుదామంటే, ఆ పిల్ల మొహం చూశాక నోరు రాలేదు. ఆయన రాసిందంతా ఇన్నేళ్ల కాలం నాలోంచి తుడిచేసి, నేను రాసిన ఒక్క మాటను మాత్రం భద్రంగా ఉంచింది.