పెళ్ళికూతురి బండికి డిస్కు బ్రేకులు

మా తమ్ముడు బ్రేకు కంటే హారన్‌ని ఎక్కువ నమ్మే మనిషి. అలాంటివాడి చేతిలో నాన్న కారు తాళం ఉండడం నాకు మొదటినుంచీ కంటగింపే.

నాన్న మిషను ఆసుపత్రిలో డ్రైవరుగా చేసేవాడు. అక్కడి అమెరికా డాక్టరమ్మ స్వదేశానికి వెళ్ళిపోతూ తన కారు నాన్నకి ఇచ్చేసింది. నీలం రంగు, పడవంత పొడవు. అప్పటినుంచి మా సంఘంలో ఏ ఆడపిల్ల పెళ్ళయినా పెళ్ళికూతురు చర్చికి ఆ కారులోనే రావాలి. అడిగినవాళ్ళకి లేదనకూడదు. ఇది నాన్న పెట్టిన ఆచారం. నాన్న పోయాక స్టీరింగు తమ్ముడి చేతికి వచ్చింది. నాన్న పక్కన కూర్చుని రెంచి పట్టడం నేర్చుకున్నది మాత్రం నేను. హైస్కూల్లో ఫిజికల్ సైన్సు చెప్పి రిటైరయ్యాను. అయినా బండి దగ్గరికి వచ్చేసరికి నా మాటకి విలువ లేదు.

నా కూతురికి పెళ్ళి కుదిరిన నెలలోనే, ఎవరి పెళ్ళికూతుర్నో దింపి వస్తున్నాం. కాలువ మీది లాకుల వంతెన దిగుతుంటే బ్రేకు పెడల్ నేలకి అంటుకుంది. తమ్ముడు గబగబా మూడుసార్లు తొక్కాడు. నాలుగోసారి పట్టింది. ఎదురుగా ఉన్న గేదె తోక బంపరుకి తగిలింది. ముందు సీట్లో ఉన్న నేను రెండు చేతులా డాష్‌బోర్డు పట్టుకున్నాను. వాడు నవ్వాడు.

“చూశావా, ఆగింది కదే.”

ఆ బండిలో నాలుగు చక్రాల బ్రేకులకీ కలిపి ఒకటే ఆయిల్ లైను. ఎక్కడ కారినా నాలుగూ పోతాయి. ఇంటికొచ్చాక, పెడల్ తొక్కితే ఆయిల్‌ని తోసే మాస్టర్ సిలిండర్ రెండు లైన్లది పెట్టాలని, ముందు చక్రాల డ్రమ్ము బ్రేకులు తీసేసి డిస్కులు వేయాలని చెప్పాను.

“పాతిక స్పీడులో పోయే బండికి డిస్కులెందుకే అక్కా? నాన్న వేయించాడా?”

“నాన్న రోజుల్లో ఈ రోడ్డు మీద రొయ్యల లారీలు లేవురా. ఈ బ్రేకులతో నా కూతురు నీ బండి ఎక్కదు.”

“అంటే నాన్న ఆచారం తప్పిస్తావా?”

“తప్పిస్తాను.”

తాళం నా ఒళ్ళోకి విసిరి లేచి వెళ్ళిపోయాడు.

అమెరికాలో ఇలాంటి బండ్లున్నవాళ్ళు ఇంటర్నెట్‌లో ఒకచోట చేరి, ఏ బండి సామాను ఏ బండికి పడుతుందో రాసుకుంటారు. ఫలానా పికప్ ట్రక్కు డిస్కులు మా మోడలుకి అచ్చంగా పడతాయట. దగ్గర్లో ఉన్న పాత బండ్ల యార్డుకి వెళ్ళి విప్పుకోండి అని ఒకాయన ఉదారంగా సలహా ఇచ్చాడు. ఆయనకేం, చెబుతాడు. మా దగ్గర్లో ఉన్నది పోలవరం పనుల్లో అరిగిపోయి వచ్చిన టిప్పర్ల గుట్ట.

రాజమండ్రిలో స్పేర్ పార్టుల షాపుకి మా ఆయన్ని తోడు తీసుకెళ్ళడం నా పొరపాటు. షాపాయన నన్ను దాటి ఆయన్ని పలకరించాడు.

“ఏ బండికండి, సార్?”

మా ఆయనకి ఊడిన సైకిల్ చెయిను ఎక్కించడం కూడా రాదు. నన్ను చూపించాడు. అయినా షాపాయన ఆయన్నే చూస్తూ, “అమెరికా బండికి మన దగ్గరేం దొరుకుద్దండి” అన్నాడు.

నేను సంచిలోంచి వెనక చక్రం సిలిండర్ తీసి కౌంటరు మీద పెట్టి, వెర్నియర్‌తో కొలిచి చూపించాను.

“ఇది లోపల అంగుళం బోరు. మీ వెనక అరలో ఉన్న పాత జీపు రబ్బర్లూ అంగుళమే. తియ్యండి.”

తీశాడు. అచ్చంగా సరిపోయాయి.

“ఆయ్, పట్టిందండి సార్” అని మా ఆయనకే చెప్పాడు.

డిస్కులూ, రెండు లైన్ల మాస్టర్ సిలిండరూ ఒక తుక్కు గూడ్సు వ్యానువి దొరికాయి. డిస్కులకి ఐదు బోల్టుల దూరం సరిగ్గా కుదిరింది కానీ మధ్య రంధ్రం చిన్నది. రామచంద్రపురంలో రైసు మిల్లుల షాఫ్టులు తిప్పే లేతు మేస్త్రి దాన్ని పెద్దది చేసి, బ్రేకు బిగించే పట్టీలు కోసి ఇచ్చాడు. మొదటి జత నేను గీసిచ్చిన కొలతకి రెండు మిల్లీమీటర్లు తేడాగా వచ్చింది. వెనక్కి ఇచ్చేశాను.

“ఇంత తేడాకి ఏం పోద్దండి, మేడమ్ గారూ?”

“మా అమ్మాయి పోద్ది.”

మళ్ళీ కోశాడు. ఈసారి నా కళ్ళలోకి చూడలేదు.

మా పెరట్లోనే బిగించాను. మాస్టర్ సిలిండర్‌కి కొత్తగా వేసే రబ్బర్లు ఎంత తోసినా లోపలికి పోవు. తమ్ముడు అరుగు మీద కాఫీ తాగుతూ వేడుక చూస్తున్నాడు. వాడిని అడగడం కంటే చావడం మేలనిపించింది. నాన్న రబ్బర్లకి నూనె రాసి తోసేవాడని గుర్తుంది. కిటికీలో తలకి రాసుకునే కొబ్బరినూనె సీసా కనిపించింది. వేలితో కాస్త రాస్తే రబ్బర్లు జారి కూర్చున్నాయి. డిస్కుల దగ్గర రబ్బర్లకీ అదే రాశాను. బండి వీధిలోకి తీసి తమ్ముడికిచ్చాను. వాడు బ్రేకు తొక్కి ముందుకి తూలాడు. వాడు తూలడం చూసి పొంగిపోయాను.

రెండు వారాల తర్వాత పెళ్ళి. తెల్లచీరలో అమ్మాయి వెనక సీట్లో, నేను ముందు. కాలువ గట్టెక్కాక బండి బరువుగా నడవడం మొదలుపెట్టింది.

“లాగట్లేదే అక్కా.”

“హ్యాండ్ బ్రేకు తీశావా ముందు?”

తీసే ఉంది. ఎదురుగా లారీ వస్తే దారి ఇవ్వడానికి వాడు ఒక్కసారి బ్రేకు తొక్కాడు. బండి ఆగింది. ఇక కదలలేదు. ముందు చక్రాల్లోంచి పొగ. వెనక పెళ్ళివారి కార్లన్నీ ఆగిపోయాయి. నేను కిందికి దిగి, అందరూ వింటుండగా తమ్ముడి మీద విరుచుకుపడ్డాను.

“పెడల్ మీద కాలు పెట్టుకునే నడుపుతావు. ఇన్నేళ్ళూ ఇదే తంతు. నాన్న నీకు తాళం ఎందుకిచ్చాడో నాకు ఈరోజుకీ అర్థం కాలేదు.”

అమ్మాయి దగ్గుకుంటూ దిగింది. చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని దారినపోయే ఆటో ఎక్కి చర్చికి వెళ్ళింది. మా సంఘంలో ఆటోలో వచ్చిన మొదటి పెళ్ళికూతురు నా కూతురే.

తమ్ముడు పట్టుబట్టల్లోనే బండి కింద దూరి, బ్రేకు ఆయిల్ వదిలేసి చక్రాలు విడిపించాడు. నలుగురూ కలిసి బండిని పక్కకి తోశారు. తర్వాత మాస్టర్ సిలిండర్ విప్పి రబ్బర్లు బయటికి లాగాడు. నానబెట్టిన శనగల్లా ఉబ్బి ఉన్నాయి. ఉబ్బిన రబ్బరు ఆయిల్‌ని వెనక్కి రానివ్వదు, తొక్కిన బ్రేకు వదలదు. అది చూడగానే తప్పు నాదేనని నాకే తెలిసింది. వాడు నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

“ఏం నూనె రాశావే?”

“కొబ్బరినూనె.”

“నాన్న ఆముదం రాసేవాడు అక్కా. ఇంకే నూనె తగిలినా రబ్బరు చెడిపోద్దనేవాడు.”

నాకది తెలియదు. ఏ నూనె రబ్బరుని ఏం చేస్తుందో చూడాలన్న ఆలోచన కూడా నాకు రాలేదు. అంతలో పెళ్ళికొడుకు మేనమామ వచ్చాడు.

“ఏమైందండి?”

“నాదే పొరపాటండి” అన్నాడు తమ్ముడు. “బ్రేకు మీద కాలు తియ్యకుండా నడిపాను. అక్క బాగానే బిగించింది.”

విందులో పెద్దలందరూ వాడిని చీవాట్లు పెట్టారు. ఇక మీదట పెళ్ళిళ్ళకి వేరే డ్రైవరుని చూడమన్నారు. వాడు తల ఊపాడు. నేను అక్కడే, వాడి పక్క కుర్చీలో కూర్చుని, బిర్యానీ తిన్నాను.

నలుగురిలో నన్ను తిట్టి ఉంటే తిరిగి నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని. అలా చేయలేదు వాడు. ఇప్పటికీ నిజం నేను ఎవరికీ చెప్పలేదు, వాడూ చెప్పలేదు. అందుకే వాడిని ఇంకా క్షమించలేకపోతున్నాను.